గోడ మీద మూడు పచ్చలైట్లు

మే 11

ఇంటర్నెట్ పెట్టె వచ్చింది. అట్ట మీద నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ, ఆమె వెనక అద్దాల కిటికీ, కిటికీ బయట నీలం ఆకాశం. లోపల ఒక కాగితం. "మీరే పెట్టుకోవచ్చు. ఐదు నిమిషాల పని. మేకు కొట్టక్కర్లేదు, మనిషి రానక్కర్లేదు." సిమ్ము దూర్చాలి, ప్లగ్గు పెట్టాలి, కిటికీ పక్కన నిలబెట్టాలి. అంతే.

మా గదికి కిటికీ ఒకటే. అది కొండవైపు. టవరు ఆ కొండకు అవతల.

ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టాను. కిటికీలో ఎర్ర లైటు. వంటచోట నీళ్ల డ్రమ్ము మీద ఎర్ర. మురుగన్ పటం పక్కన ఎర్ర. వరండాలో ఒక పచ్చ వెలిగి, నన్ను చూసి సిగ్గుపడ్డట్టు ఆరిపోయింది. చివరికి మిగిలింది గోడ పైభాగం. మా లైను గదుల మధ్య గోడలు కప్పుదాకా పోవు. మనిషి ఎత్తు దాటి కొంచెం లేచి ఆగిపోతాయి. ఆ పైన పన్నెండు ఇళ్లకూ ఒకటే చీకటి, ఒకటే పొగ, ఒకరి తగువు అందరికీ. మాకూ పక్కింటి సవరిముత్తు మామకూ మధ్య ఉన్న గోడకు సరిగ్గా పైన, కప్పు రేకుల్లో ఒకటి ప్లాస్టిక్‌ది, వెలుతురు కోసం వేసింది. దాని కింద పెట్టాను. పెట్టె ముఖం మామ వైపు తిప్పితేనే సిగ్నలు పట్టింది. అంటే లైట్లు నాకు కనపడవు, మామకే కనపడతాయి.

"మామా, ఏం వెలుగుతోంది?"

ఉబ్బసం వచ్చి తేయాకు తోటపని మానేశాక మామ పగలంతా మంచంలోనే. "ఒక పచ్చ."

"ఇప్పుడు?"

"రెండు. ఎడమకు తిప్పు. నీ ఎడమ కాదే పిల్లా, నా ఎడమ. ఇంకొంచెం. ఆగు, కదపకు. మూడు పచ్చలు. ఊపిరి కూడా తీయకు."

"ఊపిరి తీయకుండా ఎలా మామా?"

"నేను రోజూ చేస్తున్న పనే గదా. నేర్పిస్తానులే."

మామ భార్య పాక్కియం అత్త అప్పుడే కోసిన ఆకు తూకం వేయించి వచ్చి గుమ్మంలో నిలబడింది. "గోడ మీద ఏముందని మామా కోడలూ అంత ముద్దుగా మాట్లాడుకుంటున్నారు? గుడ్లు పెట్టిందా?"

ఐదు నిమిషాల పని. ఆరు గంటలు పట్టింది.

మే 12

మొదటి రోజు. ముప్పై ఒక్క ఫోన్లు. ఒక్కసారి కూడా తెగలేదు.

మే 19

ఇది నాకోసం రాసుకుంటున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. కంపెనీ ఈ పెట్టెను ఊరూరా అమ్ముతుంది. పెట్టె పనిచేయడంలేదని ఫోన్ చేసేవాళ్లకు తమిళంలో జవాబు చెప్పడం నా ఉద్యోగం. ఇంట్లోంచే, అదే పెట్టె మీద. జూలై 15 దాకా పరీక్ష. ఒక్క వారంలో మూడుసార్లు లైను తెగితే ఇంటికి పంపేస్తారు. ఇంట్లోనే ఉన్నాను గదా, ఇంకెక్కడికి పంపుతారు? కొండమీదికే, వీపున బుట్టతో.

కూలీలను అజమాయిషీ చేసే కంగాణి పెరియతంబి ఆకు కోతకు నా పేరు ఎప్పుడో రాసిపెట్టుకున్నాడు. దారిలో కనపడితే చాలు. "ఏమ్మా కంప్యూటరమ్మా, మీ అమ్మ మోకాళ్లు అరుగుతున్నాయి. పేరు ఎక్కించమంటావా?" పదో తరగతి పరీక్ష తప్పినదాన్ని. సింహళం రేడియో విని నేర్చుకున్నాను, టైపింగ్ ఫోన్‌లో నేర్చుకున్నాను. ఎవడూ నేర్పలేదు. ఎవడికీ బాకీ లేను. బుట్ట ఎత్తుకోను.

"తలుపున్న నిశ్శబ్దమైన గది"లో కూర్చుంటానని సంతకం పెట్టి ఫొటో కూడా పంపాను. అమ్మ నీలం చీరను నా వెనక తెరలా కట్టి తీశాను. నా పని చూసే దినూషా మిస్ కొలంబో నుంచి చూసి, "గది బాగుంది, గోడ రంగు బాగుంది" అంది.

వవునియా నుంచి ఒక ట్యూషన్ మాస్టారు ఫోన్ చేశాడు. ఇళంకో అట. అద్దెకున్న మేడగదిలో పిల్లలకు కంప్యూటర్‌లో పాఠాలు చెబుతాడు. ఎర్ర లైటు. కాగితంలో ఉన్నదంతా చదివాను. కిటికీ పక్కన పెట్టండి, ఇంకో కిటికీ పక్కన పెట్టండి, ఐదు నిమిషాల పని. బయట యాంటెన్నా కావాలంటే ఇంటి దస్తావేజు గానీ యజమాని ఉత్తరం గానీ పంపండి.

"యజమాని కెనడాలో ఉన్నాడు మిస్. పాలు పొంగించినప్పుడే చూశాను. ఉత్తరం ఎలా తెచ్చేది?"

"అయితే కిటికీ పక్కన పెట్టి చూడండి."

"మీ ఇంట్లో ఉందా మిస్ ఈ పెట్టె?"

సొంత విషయాలు చెప్పకూడదని మొదటి పేజీలోనే ఉంది. "మీ సమస్య పరిష్కారమైందా?" అని అడిగాను. పెట్టేశాడు.

మే 30

నాలుగు గంటలకు ఫోన్లు ఆగాక గోడ అవతలి నుంచి మామ గొంతు. "కిటికీ పక్కన పెట్టి చూశారా? ఇంకో కిటికీ పక్కన పెట్టి చూశారా? ఐదు నిమిషాల పని." అచ్చం నేనే. నేను ఊపిరి తీసే చోట తానూ తీశాడు. తర్వాత చాలాసేపు దగ్గాడు, నవ్వినందుకు.

జూన్ 2

మా లైనుకు కొత్త కప్పు వేస్తారట. ఎవరో పరదేశపు దాతలు ఇస్తున్నారు. కొత్త రేకులు, వాటి కింద గది పొడవునా వెండి కాగితం. దాంతో ఎండకు ఉడకదు, వానకు ఉరవదు అని కంగాణి చెప్పాడు.

అమ్మ మంచం వానను బట్టి గదిలో తిరుగుతుంది. నాకు తెలిసినప్పటి నుంచీ అంతే. గాలి పడమర నుంచి వస్తే తలుపు పక్కకు, తూర్పు నుంచి వస్తే పొయ్యి పక్కకు. ఈ రోజు రొట్టె కాలుస్తూ, "తవమణీ, మంచం ఎక్కడ వేసుకోవాలో చెప్పు" అంది. ఎక్కడైనా వేసుకోవచ్చుగా అన్నాను. "అదే. ఎక్కడైనా అంటే ఎక్కడో తెలియడంలేదు." కొబ్బరి సంబోలు పచ్చడి ఎక్కువ వేసింది నాకు. సంతోషమొస్తే అమ్మ చేయి కారం దగ్గర ఆగదు.

జూన్ 3

ప్లాస్టిక్ రేకు ఉంచుతారా అని కంగాణిని అడిగాను. గదికొకటి ఉంటుందట, కాగితంలో ఉందట. సరే.

జూన్ 14

కాగితంలో గదికి ఒక ప్లాస్టిక్ రేకు అని ఉంది. వేశారు. అదే కాగితంలో కప్పు మొత్తానికీ కింద వెండి కాగితం అని ఉంది. అదీ వేశారు. వెలుతురు కోసం వేసిన రేకు కింద వెలుతురు రాకుండా కాగితం. పై పని ఒకడిది, కింది పని ఇంకొకడిది, ఇద్దరూ తమ పని పూర్తిచేశారు. పన్నెండు గదుల్లోనూ అంతే.

పట్టపగలు దీపం వేసుకున్నాం. పైకి చూస్తే సార్డిన్ డబ్బా లోపల పడుకున్నట్టుంది.

"మామా?"

"ఎర్ర."

"ఇప్పుడు?"

"ఎర్రే పిల్లా."

"ఇప్పుడు?"

మామ, "నీకు పచ్చ అని చెప్పాలని ఉంది" అన్నాడు.

వాన వచ్చింది. ఒక్క చుక్క పడలేదు. అమ్మ గది నడిమధ్యలో మంచం వేసుకుని దాని మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పడుకోలేదు. ఊరికే కూర్చుంది.

జూన్ 15

ఒంట్లో బాగాలేదని రెండు రోజులు సెలవు చెప్పి, అమ్మ ఫోన్‌తో మా కంపెనీకే ఫోన్ చేశాను. నాలుగో నంబరు నొక్కితే తమిళం.

"నమస్కారం, నేను ధర్షిణి, మీకు ఎలా సాయపడగలను?"

ధర్షిణి నాతోపాటే చేరింది. నా గొంతు గుర్తుపట్టేసింది. ఫోన్లన్నీ రికార్డవుతాయి కాబట్టి ఇద్దరం బయటపడలేదు.

"లైటు ఎర్రగా ఉందండీ."

"పెట్టెను కిటికీ పక్కన పెట్టి చూశారా?"

"కిటికీ కొండవైపు."

"ఇంకో కిటికీ పక్కన పెట్టి చూశారా?"

"ఇంకోటి లేదు."

"ఇంటి పై అంతస్తులో..." ఆగింది. దానిదీ లైను గదే, బండారవెల దగ్గర. అయినా రాసింది చదవక తప్పదు. "పై అంతస్తులో పెట్టి చూడండి."

"పై అంతస్తులో ఎలుకలు కాపురముంటున్నాయండీ."

ధర్షిణి దగ్గింది. దగ్గు కాదు అది. "అయితే బయట యాంటెన్నా పెట్టించుకోవచ్చు. ఇంటి దస్తావేజు గానీ యజమాని ఉత్తరం గానీ ఉందా?"

"మా తాత ఈ గదిలోనే పుట్టాడు. సరిపోతుందా?"

"దస్తావేజు గానీ యజమాని ఉత్తరం గానీ..."

"లేదు."

"మీ సమస్య పరిష్కారమైందా?"

లేదంటే దాని మార్కులు పోతాయి. "అయింది" అన్నాను.

ఆ ప్రశ్న రోజుకు ముప్పైసార్లు నేనడుగుతాను. అవతలివాళ్లకు ఎలా తగులుతుందో ఈ రోజు తెలిసింది. చెంప మీద మెల్లగా కొట్టినట్టు.

జూన్ 16

తోట ఆఫీసుకు పోయాను. పెద్ద క్లర్కు తలెత్తలేదు. లైను తోటది, గోడ తోటది, కప్పు తోటది. గడకర్ర నాటాలన్నా మేకు కొట్టాలన్నా దొర ఉత్తరం కావాలి.

"అయితే ఉత్తరం ఇవ్వండి."

"నీకిస్తే రేపు ఇంకో పదకొండు మంది వస్తారు."

"వస్తే ఇవ్వండి. తప్పేముంది?"

అప్పుడు తలెత్తాడు. "మీ ఇంట్లో దేవుడి పటాలకు మేకులున్నాయి. అవి నేను చూడలేదనుకున్నావా? చూసి ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా ఒక ఉపకారమే, తెలుసుకో."

బయట కంగాణి. ఆ ఒక్కచోట వెండి కాగితం చెయ్యి పట్టేంత తీసేయమని అడిగాను. "అమ్మా తల్లీ, దాని జోలికి పోకు. ఆగస్టులో దాతలు ఫొటోలు తీయడానికి వస్తున్నారు. చిరుగు కనపడితే కింది లైనుకు కప్పు రాదు. వాళ్ల ఉసురు నీకెందుకు?" కొంచెం దూరం పోయి తిరిగి చూశాడు. "బుట్ట కొత్తది ఇప్పిస్తాలే."

జూన్ 17

వరండాలో నీళ్ల డ్రమ్ము మీద పెట్టె, గుమ్మంలోంచి తీగ, నా నెత్తిన అమ్మ గోనె. రెండు పచ్చలు, ఒకటి, ఎర్ర, రెండు. కోళ్లు. వాన. బడి పిల్లలు. పదకొండింటికి తెగింది. రెండింటికి మళ్లీ తెగింది.

దినూషా మిస్ ఫోన్. ఎప్పుడూ అరవదు ఆవిడ, అదే భయం. "తవమణి, మీరు పెట్టెను కిటికీ పక్కన పెట్టారా?"

పెట్టాను మిస్.

"ఈ వారం రెండు అయ్యాయి. మూడోది అయితే నా చేతిలో ఉండదు. మంచి గొంతు మీది. నాకు బాధగా ఉంటుంది."

ఆవిడకు బాధగా ఉంటుందట.

జూన్ 18

సెలవు. పాక్కియం అత్త దగ్గర మామ కవ్వాత్తు కత్తి అడిగి తెచ్చాను. మామ ముప్పై ఏళ్లు ఆ కత్తితోనే తేయాకు పొదలు కొట్టాడు. పనసకాయ కోయాలని చెప్పాను.

జూన్ 19

మూడు పచ్చలు. పెట్టె దానంతట అదే దారికొచ్చింది. యంత్రాలు ఒక్కోసారి అంతే.

అందరూ ఆకు కోతకు పోయారు. మామ నిద్రపోతున్నాడు. ఆ వేళకు మామ ఎప్పుడూ నిద్రే. డబ్బా మీద నిలబడి వంగి నేనే లైట్లు చూసుకున్నాను.

సాయంత్రం అమ్మ, "పనసకాయ ఏదీ?" అంది. లోపల కుళ్లింది, పారేశాను అన్నాను.

జూన్ 20

గదిలోకి వెలుతురు వస్తోంది. అమ్మ పైకి చూసింది. పనివాళ్లు సరిగ్గా బిగించలేదు, చిరిగింది అని చెప్పాను. అది అబద్ధమేమీ కాదు, నిజంగానే సరిగ్గా బిగించలేదు. బిగించి ఉంటే కత్తి అంత సులువుగా పోయేది కాదు. చెయ్యి పట్టేంత చాలనుకున్నాను. కోపంలో మూరెడు అయింది.

నలభై రెండు ఫోన్లు. దినూషా మిస్ "శభాష్" అని పంపింది.

జూన్ 27

పెద్ద వాన. మావైపు ఒక్క చుక్క లేదు. మామవైపు పడుతోంది. పై అతుకులోంచి దిగిన నీళ్లు వెండి కాగితం మీద జారి చూరుదాకా పోవాలి. మధ్యలో చిరుగు ఉంది కాబట్టి అక్కడే దిగుతున్నాయి. సరిగ్గా మామ మంచం కాళ్లవైపు.

పాక్కియం అత్త కాంట్రాక్టరును, వాడి అమ్మను, వాడి అమ్మమ్మను పేరుపేరునా తిట్టింది. నేనూ రెండు మాటలు కలిపాను. మాటకు మాట బాగా కుదిరింది.

జూలై 1

మామ వరండాలో పడుకుంటున్నాడు. ఆయనకు వరండా గాలి ఇష్టం.

జూలై 4

వాన. మామ వరండాలో. గాలి ఇష్టం ఆయనకు.

లైట్లు నేనే ఎక్కి చూసుకుంటున్నాను. రోజుకు నాలుగైదుసార్లు. మామ మంచం మీద పరుపు చుట్టిపెట్టి ఉంటుంది, మధ్యలో బేసిన్.

జూలై 9

దినూషా మిస్ నా ఫోన్లు విని మార్కులు వేస్తుంది. "అంతా బాగుంది. వెనకాల ఎవరో దగ్గుతున్నారు. మీది తలుపున్న గది కదా?"

మామ దగ్గు ఈ మధ్య ఎక్కువైంది. వరండాలో మా గుమ్మం పక్కనే పడుకుంటాడు, నా మాటలు వినపడతాయని. పాక్కియం అత్త కోతకు పోతుంటే చెప్పాను, మామను కొంచెం ఆ చివరికి జరపమని. ఇంకో ఆరు రోజులే గదా.

"ఆ చివర జల్లు కొడుతుందే."

"ఆరు రోజులు అత్తా."

అత్త నావైపు చూసింది. జరిపింది.

ఇందులో తప్పేముంది? ఆయనకు గాలి ఇష్టమే గదా.

జూలై 10

తప్పేముంది.

జూలై 15

ఉద్యోగం ఖాయమైంది. ఉత్తరం వచ్చింది, కంపెనీ ముద్రతో, నా పూర్తి పేరుతో. నా పేరు మీద ముద్ర పడిన కాగితం ఇదివరకు బడిలో ఇచ్చింది ఒకటే, అందులో తప్పిందని ఉంది.

కంగాణికి ఎదురుపడి మరీ చూపించాను. చదివినట్టు నటించాడు.

రెండో పేజీలో ఉంది: ఈ చిరునామా నుంచే పనిచేయాలి, రెండేళ్లు మారకూడదు, పెట్టె ఈ చోటికే కట్టుబడి ఉంటుంది. బుట్ట ఎత్తుకోకుండా ఉండటానికి ఇంత పోట్లాడాను. ఇప్పుడు రెండేళ్లు ఈ గోడకు కట్టేశారు. కట్టమని అడిగింది నేనే.

జూలై 16

పొద్దున అమ్మ చేసిన పాలు కలిపిన టీ, బనిసు తీసుకుని వరండా చివరికి పోయాను. మామ గోనె కప్పుకుని కూర్చున్నాడు. గోనె తడిగా ఉంది.

"చదువు" అన్నాడు. ఉత్తరం చదివాను, రెండో పేజీతో సహా.

"అయితే రెండేళ్లు నీ గొంతు వినొచ్చు. ఇక్కడికి సరిగ్గా వినపడటంలేదనుకో." బనిసు టీలో ముంచాడు. చాలాసేపు నములుతూ, "పనసకాయకు కవ్వాత్తు కత్తి ఎవరూ వాడరు పిల్లా" అన్నాడు.

ఉత్తరం మడత పెట్టాను.

"మంచంలో పడుకుని పైకి చూస్తున్నాను. మీవైపు వెండి కాగితంలోకి దూరిన మొన నావైపు బయటికి వచ్చింది, నీళ్లలోంచి చేప మూతి పెట్టినట్టు. ముప్పై ఏళ్లు పట్టుకున్న కత్తి. నా కత్తి నాకు తెలియదా?"

"నిద్రపోతున్నావనుకున్నాను."

"ఉబ్బసం ఉన్నవాడు పగలు నిద్రపోతాడా? కళ్లు మూసుకున్నాను. నువ్వు వంగి లైట్లు చూసుకుంటుంటే నీ ముఖం చూడాలనిపించలేదు."

"ఎందుకు చెప్పలేదు మామా? అత్తకైనా."

"చెబితే ఏమవుతుంది? కంగాణి వచ్చి అతికిస్తాడు. ఎర్ర లైటు. నువ్వు కొండెక్కుతావు. పగలంతా గోడకు అవతల ఎవరూ ఉండరు." దగ్గు వచ్చింది. ఆగేదాకా ఇద్దరం ఆగాం. "నీ కోతే బాగాలేదు. అడ్డంగా కోశావు. పొదను కొట్టేటప్పుడు ఏటవాలుగా కొడతాం, కోత మీద నీళ్లు నిలవకుండా. పద్నాలుగేళ్ల పిల్లాడికి మొదటి రోజు చెప్పే పాఠం అది. నన్ను అడిగి ఉంటే చెప్పేవాడిని."

టీ అయిపోయింది. గ్లాసు నాకిచ్చాడు.

"కప్పు సంగతి వదిలేయ్. ఇక్కడికి జరపమన్నావు చూడు, దగ్గు వినపడుతోందని. అది మాత్రం కొంచెం ఎక్కువైంది."

తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. తిట్టడం నాకు బాగా వచ్చు.

గాలి ఇష్టం అని రాశాను. మూడుసార్లు రాశాను. పేజీలు చింపాలనిపించింది. చింపలేదు. ఉండనీ.

జూలై 17

అమ్మకు చెప్పాను, పనసకాయ దగ్గర్నుంచి. అమ్మ చుట్ట ఆకు తుంపి బుగ్గన పెట్టుకుంది.

"ఇప్పుడేం చేస్తావు?"

"నీళ్లు మనవైపు తిప్పుతాను."

"తిప్పు. నా మంచం మాత్రం జరగదు. ఒక్క అడుగు కూడా జరగదు. నీ కుర్చీ వైపు తిప్పుకో."

పదింటికి మామను లోపలికి తెచ్చి మంచంలో పడుకోబెట్టి, నేను డబ్బా ఎక్కాను. ఈసారి కత్తి మామే ఇచ్చాడు. పడుకునే చెప్పాడు.

"పై అంచు దగ్గర మొదలుపెట్టి మీవైపుకు దించు. ఏటవాలుగా. అలా కాదు, భయపడుతూ కోస్తే చిరుగుతుంది, నమ్మి కోయి. ఆ. ఇప్పుడు ఆ కోత పెదవిని కిందికి మడువు. దాని కింద వెదురు పెట్టు."

సగానికి చీల్చిన వెదురు గోడ మీదినుంచి మావైపుకు వంచి కట్టాను. చెంబెడు నీళ్లు పోసి చూశాం. అన్నీ నా కుర్చీ పక్కన పడ్డాయి.

"మూడు పచ్చలు" అన్నాడు మామ, అడగకుండానే.

సాయంత్రం అత్త వచ్చి పరుపు పరిచి ఉండటం చూసింది. మామ ఏం చెప్పాడో గోడ పైనుంచి అంతా వినపడింది, రాయను. తర్వాత మా గుమ్మంలోకి వచ్చి బేసిన్ నా కాళ్ల ముందు పెట్టింది, పెట్టిందంటే పడేసింది. "నీ నీళ్లు నువ్వే పట్టుకో. నేను కాంట్రాక్టరు అమ్మమ్మను తిడుతుంటే పక్కన నిలబడి తాళం వేశావే, నీ నోట్లో మన్నుపడ."

"తప్పయింది అత్తా."

"కత్తి తుడిచి ఇవ్వు. ఉత్తప్పుడు అడిగితే ఇవ్వను."

జూలై 20

బేసిన్ పనివేళల్లో మూడుసార్లు నిండుతుంది. ఫోన్‌లో మాట్లాడుతూనే కాలితో జరిపి, మాట ఆగినప్పుడు పారబోస్తున్నాను. పాదాలు పాలిపోయాయి.

ఆగస్టులో ఫొటోలవాళ్లు వచ్చినప్పుడు ఏం చేయాలో మామకు చెప్పి అత్త నాకు చెప్పించింది. చీర కడుతుందట అడ్డంగా. నాతో నేరుగా మాట్లాడదు ఇంకా. కట్టేది మీ నీలం చీరా, మా చీరా అని మాత్రం అడిగింది, గోడతో.

జూలై 24

గట్టి వాన. పదకొండింటికి వవునియా మాస్టారు. రెండు నెలలుగా ఏమీ మారలేదట. పిల్లలు సగంమంది మానేశారట. ఆయన గొంతులో కోపం కూడా లేదు ఇప్పుడు, అది అయిపోయింది.

"చెప్పండి మిస్. కిటికీ పక్కన పెట్టి చూశారా అని అడగండి. అడిగేయండి, మీ పని అయిపోతుంది."

కాగితం నా ముందే ఉంది. బేసిన్‌లో చుక్క పడుతోంది.

"అదేం చప్పుడు మిస్? అక్కడ కూడా వానా?"

"వానే సార్. మా ఇంట్లోనే పడుతోంది."

ఆయన మే నెలలో అడిగినదే మళ్లీ అడిగాడు. "మీ ఇంట్లో ఉందా ఈ పెట్టె?"

"ఉంది సార్."

"ఐదు నిమిషాల్లో పెట్టుకున్నారా?"

"పెట్టడానికి ఆరు గంటలు. నిలబెట్టుకోవడానికి రెండు నెలలు. ఇంకా పూర్తి కాలేదు." ఈ ఫోన్ రికార్డవుతుంది. దినూషా మిస్ వింటుంది. విననీ. "మీ మేడగది కప్పు కింద వెండి కాగితం ఉందా సార్?"

ఆయన కుర్చీ జరిపిన చప్పుడు. "ఉంది. మెరుస్తోంది. ఎండ కోసమని వేయించారట."

"అదే అడ్డం. ప్లాస్టిక్ రేకు ఎక్కడన్నా ఉంటే దాని కింద మాత్రమే కోయండి. అడ్డంగా కోయకండి, ఏటవాలుగా కోయండి, నీళ్లు నిలవవు. పెట్టె దాని కిందికి రావాలి. లైట్లు మీకు కనపడకపోతే అవతల నిలబడి చెప్పే మనిషిని పెట్టుకోండి, ఒంటరిగా అయ్యే పని కాదిది."

"ఇదంతా మీ కాగితంలో ఉందా?"

"లేదు. ఇంకో మాట సార్. కోసే ముందు కింద ఎవరి మంచం ఉందో చూడండి."

రాసుకుంటున్నట్టున్నాడు, పెన్ను గీస్తున్న చప్పుడు వినపడింది. సమస్య పరిష్కారమైందా అని నేను అడగలేదు. ఆయనే, "ఉంటాను మిస్, కత్తి వెతకాలి" అని పెట్టేశాడు.

గోడ అవతల దగ్గు. ఆగాక మామ గొంతు.

"పిల్లా, రెండుకు పడిపోయింది."

డబ్బా ఎక్కాను. గాలికి పెట్టె కొంచెం పక్కకు జరిగింది.

"ఇప్పుడు?"

"నా ఎడమకు."